మొల్ల: అందరికీ తెలిసినా అరుదుగానే వినిపించే పేరు

తెలుగులో రామాయణాలు చాలా ఉన్నాయి. వాటిలో బడి పాఠాల దగ్గర నుంచే మనకు పరిచయమయ్యేవి మూడు: రంగనాథ రామాయణం, భాస్కర రామాయణం, మొల్ల రామాయణం. మూడింటి ముందూ ఒక్కో పేరు ఉంది. రంగనాథ్, భాస్కర్ అన్న పేర్లు ఇవాళ్టికీ ప్రతి ఊళ్ళో, ప్రతి ఆఫీసులో వినిపిస్తాయి. వాళ్ళ పక్కనే అన్ని శతాబ్దాలుగా నిలబడి ఉన్న మొల్ల పేరు మాత్రం ఏ హాజరు పట్టీలోనూ కనిపించదు. తెలుగు చదువుకున్న వాళ్ళలో ఈ పేరు తెలియని వాళ్ళు దాదాపు లేరు, అయినా పుట్టిన ఆడపిల్లకు పెట్టేవాళ్ళు చాలా అరుదు.

అరుదైన పేరు అనగానే ఎక్కడో పాత పుస్తకంలో దాక్కున్న మాటో, పరాయి భాష నుంచి వచ్చిన మాటో అనుకుంటాం. మొల్ల అలాంటిది కాదు. అచ్చమైన తెలుగు మాట. పలకడానికి రెండే అక్షరాలు, అర్థం ఒక పువ్వు, వెనక ఒక గొప్ప కవయిత్రి. పేరు పెట్టేటప్పుడు తల్లిదండ్రులు వెతుక్కునేవన్నీ ఇందులో ఉన్నాయి. అలాంటి పేరు వాడుకలోకి ఎందుకు రాలేదన్నది ఆలోచించాల్సిన ప్రశ్న.

ముందు అర్థం సంగతి. మొల్ల అంటే మల్లె జాతికి చెందిన ఒక పువ్వు, దాని తీగ. సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువులో కూడా ఇది మల్లె జాతి పువ్వే. సంస్కృతంలో దీన్ని కుందం అంటారు. వృక్షశాస్త్రంలో జాస్మినమ్ మల్టిఫ్లోరమ్ అని పేరు. మల్టిఫ్లోరమ్ అంటే గుత్తులుగా, ఎక్కువగా పూసేది అని. సన్నటి తెల్లటి రేకులు నక్షత్రంలా విచ్చుకుంటాయి. ఆకుల మీద, లేత కొమ్మల మీద మెత్తటి నూగు ఉంటుంది. గుండుమల్లెలా గుప్పుమనే వాసన ఉండదు. ఈ పువ్వు అందమంతా తెలుపులోనూ, మొగ్గ తీరులోనూ ఉంది. అందుకే మన కవులు పలువరుసను పోల్చాలంటే మొల్ల మొగ్గలనే తలుచుకున్నారు. సంస్కృతంలో కుందరదన అన్న మాట కూడా ఈ పోలికతో పుట్టిందే.

అమరకోశం ఈ పువ్వుకు మాఘ్యం అని ఇంకో పేరు చెప్తుంది. మాఘమాసంలో పూసేది కాబట్టి మాఘ్యం. మల్లె ఎండాకాలపు పువ్వు, మొల్ల చలికాలపు పువ్వు. రెండూ ఒకటే అనుకుని మొల్ల అంటే మల్లె అని అర్థం చెప్పేస్తుంటారు చాలామంది. దగ్గరి చుట్టాలే కానీ ఒకటి కావు.

ఈ పువ్వు పేరు తెలియదు అనుకునే వాళ్ళు కూడా చిన్నప్పటి నుంచి దాన్ని పలుకుతూనే ఉన్నారు. సరస్వతీ ప్రార్థన 'యా కుందేందు' అని మొదలవుతుంది. అందులో మొట్టమొదటి పోలిక కుందమే. ఆ తల్లి మొల్లపువ్వులా, చంద్రుడిలా, మంచులా తెల్లనిది అని అర్థం. చదువుల తల్లి రంగు చెప్పడానికి ఎంచుకున్న పువ్వు పేరే ఒక కవయిత్రికి ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు, అయినా తెలిశాక ఆ పేరు మునుపటిలా వినిపించదు.

ఇక మాట పుట్టుక. మొల్ల ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె, తెలుగులో మొల్ల. బరో, ఎమెనో అనే భాషావేత్తలు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇవన్నీ ఒకే కుదురు నుంచి వచ్చినవని చూపిస్తుంది. తమిళంలో 'ము' ఉన్నచోట తెలుగులో 'మొ' ఎందుకు వచ్చిందన్నదానికి ఒక పద్ధతి ఉంది. మనం పొగ అంటాం, తమిళులు పుగై అంటారు, కన్నడిగులు హొగె అంటారు. మన ఒడలు తమిళంలో ఉడల్, కన్నడంలో ఒడల్. అంటే తమిళం ఉకారంతో పలికే ఇలాంటి మాటల్ని తెలుగు, కన్నడాలు ఒకారంతో పలుకుతాయి. మాట చివర కూడా అంతే: తమిళంలో తలై, కన్నడంలో తలె, తెలుగులో తల. ఈ రెండు మార్పులూ కలిపి చూస్తే ముల్లై కన్నడంలో మొల్లె, తెలుగులో మొల్ల కావడం సహజంగా తోస్తుంది. ఒకరి దగ్గర ఇంకొకరు అరువు తెచ్చుకున్న మాట కాదు, అందరికీ తాతల నాటి ఆస్తి.

తమాషా ఏమిటంటే మాట ఒక్కటే అయినా ఒక్కో నేలమీద ఒక్కో పువ్వును పట్టుకుంది. తమిళుల ముల్లై ఎక్కువగా జాస్మినమ్ ఆరిక్యులేటమ్. మలయాళంలో ముల్ల అంటే సాధారణంగా మన మల్లెపువ్వే, జాస్మినమ్ సంబక్. తెలుగు మొల్ల కుందం. ఎవరి పెరట్లో ఏ తెల్లపువ్వు ఎక్కువ పూస్తే ఆ పువ్వుకు తాతల నాటి మాట అతుక్కుపోయినట్టుంది.

తమిళంలో ఈ మాటకు దక్కిన గౌరవం మామూలుది కాదు. తమిళుల ప్రాచీన కవిత్వమైన సంగం సాహిత్యం నేలను అయిదు రకాలుగా చెప్తుంది: కురింజి, ముల్లై, మరుదం, నెయ్దల్, పాలై. అడవి, పచ్చిక బయళ్ళు, పశువుల మందలు ఉన్న నేల ముల్లై. దాని పొద్దు సాయంత్రం, దాని ఋతువు వానాకాలం. ఆ నేలకు కవులు కేటాయించిన భావం ఎదురుచూపు. దూరం వెళ్ళినవాడు వానలకు తిరిగి వస్తాడని నమ్మి, ఓపిగ్గా ఇంటిపట్టున ఉన్న స్త్రీ మనసు ముల్లై పాటల్లో కనిపిస్తుంది. పఱంబు కొండను ఏలిన పారి అనే దొర, పాకడానికి ఆధారం లేక గాలికి ఊగుతున్న ముల్లై తీగను చూసి, తన రథాన్నే దానికి పందిరిగా వదిలి వెళ్ళాడన్న కథ తమిళనాట పిల్లలకూ తెలుసు. ఇలా పువ్వుకు ఒక నేల, ఒక ఋతువు, ఒక కథ ఉండడం వల్ల తమిళంలో ముల్లై అన్నది ఆడపిల్ల పేరుగా కూడా బతికింది. తెలుగులో మొల్ల అన్న మాటకు అలాంటి కథల పందిరి దొరకలేదు. దొరికినది ఒక మనిషి.

ఆ మనిషి ఆతుకూరి మొల్ల. 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట ఉన్న కవయిత్రిగా ఆమెను సాధారణంగా చెప్తారు. తండ్రి కేసన, ఊరు గోపవరం. ఇప్పటి కడప జిల్లా బద్వేలు దగ్గరి గోపవరమే ఆమె ఊరని ఎక్కువమంది నమ్మకం. రామాయణాన్ని ఆరు కాండలుగా, పద్యాలూ వచనమూ కలిపి చిన్న కావ్యంగా రాసింది. తాను శాస్త్రాలు చదువుకున్న పండితురాలిని కాదని, గోపవరంలోని శ్రీకంఠ మల్లేశ్వరుడి దయతోనే కవిత్వం అబ్బిందని కావ్యం మొదట్లోనే చెప్పుకుంది. తేనె నాలుకకు తగలగానే నోరు తీపెక్కినట్టు, పద్యం వినగానే అర్థం తెలియాలన్నది ఆమె సిద్ధాంతం. గూఢమైన మాటలతో నింపిన కావ్యం మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ చెప్పుకునే ముచ్చట లాంటిదని అంది. అంతకు ముందే ఎందరో రాముడి కథ రాశారని తెలిసీ మళ్ళీ రాయడం తప్పెలా అవుతుందని ధైర్యంగా అడిగింది.

ఆమెకు ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది. తండ్రి శివభక్తుడు, శ్రీశైల మల్లికార్జునుడికి ఇష్టమైన పువ్వు పేరు కూతురికి పెట్టుకున్నాడు అని. శ్రీశైలం స్థలపురాణంలో చంద్రవతి అనే రాజకుమార్తె మల్లెపూలతో శివుణ్ణి పూజించిందని, అందుకే స్వామికి మల్లికార్జునుడన్న పేరు వచ్చిందని ఉంది. కేసన కొలిచిన దేవుడూ మల్లేశ్వరుడే. దేవుడి పేరులో మల్లె, కూతురి పేరులో మొల్ల. కథను కథగా తీసుకున్నా, ఆ ఇంటి భక్తికి ఈ పేరు చక్కగా అమరింది.

ఈ పేరులో ఇంకో విశేషం దాని నిరాడంబరత. మన పాత కవయిత్రుల పేర్లు చూడండి: తాళ్ళపాక తిమ్మక్క, రంగాజమ్మ, తరిగొండ వెంగమాంబ. అందరి పేర్ల చివరా అక్క, అమ్మ, అంబ ఏదో ఒకటి ఉంది. మొల్ల పేరుకు ఏ తోకా లేదు. తర్వాతి కాలంలో గౌరవం కోసం మొల్లమాంబ అన్నవాళ్ళున్నారు గానీ జనం నాలుక మీద నిలిచింది మొల్లే. నేటి తల్లిదండ్రులు చిన్నగా, సూటిగా ఉండే పేరు కావాలని ఇంటర్నెట్టంతా వెతుకుతుంటే, అలాంటి పేరు అయిదు వందల ఏళ్ళుగా మన ముందే ఉంది.

ఇక ఎంతమందికి ఉంది అన్న సంగతి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ సంస్థ 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్ల లెక్కలు అందరికీ అందుబాటులో ఉంచింది. ఏ ఏడు ఏ పేరు ఎంతమందికి పెట్టారో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర జనన నమోదు ఉంది గానీ, పేర్ల జాబితాను అలా ఏటా ప్రకటించే అలవాటు లేదు. కాబట్టి ఒక తెలుగు పేరు ఎంత వాడుకలో ఉందో చెప్పాలంటే చుట్టూ వినిపించే పేర్లే ఆధారం. ఆ ఆధారంతో చూస్తే మల్లి, మల్లమ్మ, మల్లిక, మల్లీశ్వరి తరతరాలుగా ఉన్నారు. యాస్మిన్‌లు ఉన్నారు, జాస్మిన్‌లూ ఉన్నారు. మొల్ల అనగానే గుర్తొచ్చేది మాత్రం కవయిత్రి ఒక్కరే.

యాస్మిన్, జాస్మిన్ అన్నవి కూడా ఈ కుటుంబపు పేర్లే. పర్షియన్ యాసమిన్ నుంచి యూరప్ భాషలకు జాస్మిన్ వచ్చింది, వృక్షశాస్త్రంలో ఈ జాతి మొత్తానికి జాస్మినమ్ అన్న పేరూ దాని నుంచే వచ్చింది. అమెరికాలో 1990లలో జాస్మిన్ తొలి 50 ఆడపిల్లల పేర్లలో ఒకటి. తెలుగు ఇళ్ళలో కూడా ఆ పేరు పెట్టుకుంటున్నారు. అంటే మల్లెజాతి పువ్వు పేరు పిల్లకు పెట్టడం మనకు ఇష్టమే. సంస్కృతంలో పెట్టుకున్నాం, పర్షియన్‌లో పెట్టుకున్నాం, ఇంగ్లీషులో పెట్టుకున్నాం. సొంత మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. ఇది బాధపడాల్సిన విషయమే.

ఎందుకు ఆగిపోయాం అన్నదానికి ఒక్క కారణం చాలదు. మనకు పేరు పెట్టడమంటే చాలాకాలం తాత ముత్తాతల పేరు నిలబెట్టడం. నానమ్మ పేరో అమ్మమ్మ పేరో మనవరాలికి వచ్చేది. లేకపోతే ఇంటి దేవుడి పేరు, ఊరి దేవత పేరు. అంకమ్మ, పోలమ్మ, ముత్యాలమ్మ, మల్లేశ్వరి, వెంకటలక్ష్మి అలా వచ్చినవే. మొల్లకు గుడి లేదు, మొక్కు లేదు, జాతర లేదు. దేవుడి తోడు లేని పేరు గొలుసులో ఒకసారి తెగితే మళ్ళీ అతకడం కష్టం. రంగనాథ్, భాస్కర్ బతికి బయటపడింది రామాయణాల వల్ల కాదు, ఒకటి శ్రీరంగంలో దేవుడి పేరు, ఇంకొకటి సూర్యుడి పేరు కావడం వల్ల.

అంతకన్నా పెద్ద కారణం పువ్వే మాటలోంచి జారిపోవడం. పూల బజారులో మల్లెలు, జాజులు, కనకాంబరాలు, చామంతులు అడుగుతాం. మొల్లలు ఇవ్వమని అడిగేవాళ్ళు తక్కువ. పువ్వు మనసులో మెదలనప్పుడు పేరుకు అర్థం మిగలదు. వెన్నెల అన్న పేరు వినగానే వెన్నెలే కళ్ళముందుకు వస్తుంది, అందుకే ఆ అచ్చతెలుగు మాట ఈ మధ్య ఆడపిల్లల పేరుగా చక్కగా స్థిరపడింది. మొల్ల వినగానే పువ్వు రాదు, తెలుగు వాచకంలోని కవి పరిచయం వస్తుంది. ఒక మనిషి ఎంత గొప్పదైతే ఆమె పేరు అంతగా ఆమె ఒక్కదానిదే అయిపోతుంది. గొప్పవాళ్ళ పేర్లు పెట్టుకోవడం మనకు అలవాటే అయినా, అవి ముందే దేవుళ్ళ పేర్లుగానో మంచి మాటలుగానో వాడుకలో ఉన్నవి. ఒక్క మనిషికే పరిమితమైన పేరును పిల్లకు పెట్టడానికి కొంచెం చొరవ కావాలి.

చెప్పక తప్పని కారణం ఇంకొకటి ఉంది. మనం ఆమెను చాలాసార్లు కుమ్మరి మొల్ల అని పిలిచాం. సంప్రదాయం ఆమెను కుమ్మరి ఇంటి ఆడపడుచుగా చెప్తుంది, ఆ కులం వాళ్ళు ఆమెను తమ మనిషిగా గర్వంగా చెప్పుకుంటారు, అది వాళ్ళ హక్కు. కానీ తిక్కననూ పోతననూ మిగతా లోకం కులం పేరు ముందు పెట్టి పిలవలేదు. మొల్లను పిలిచింది. పువ్వు పేరు ముందు కులం పేరు చేరేసరికి, అందరిదీ కావాల్సిన పేరును కొందరిదిగా చూసే అలవాటు వచ్చింది. ఒక పేరు విస్తరించకుండా ఆపడానికి ఇలాంటి అలవాటు చాలు.

గుర్తింపు లేక పేరు మరుగున పడిందని మాత్రం అనలేం. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాల వరుసలో మొల్ల ఉంది. 1970లో పద్మనాభం తీసిన 'కథానాయిక మొల్ల' సినిమాలో వాణిశ్రీ ఆ పాత్ర వేశారు. సినిమా హీరోయిన్ పాత్రల పేర్లు పిల్లలకు పెట్టుకునే అలవాటున్న మనం, ఈ పేరును మాత్రం తెర మీదే చూసి చప్పట్లు కొట్టి వచ్చాం. విగ్రహం వల్ల గౌరవం పెరుగుతుంది గానీ, పేరు ఉయ్యాల దాకా రావాలంటే అది ఇంట్లో మాటగా వినిపించాలి.

పేరు పెట్టాలనుకునే వాళ్ళకు కొన్ని సందేహాలు వస్తాయి. మొల్ల వినగానే మొలక, మొలవడం గుర్తుకొచ్చి, అర్థం అదే అనుకునే వీలుంది. రెండూ వేరు. మొలకకు తమిళంలో సాటి మాట ముళై, ళకారంతో. పువ్వు ముల్లై, జంట లకారంతో. తెలుగులో ళకారం చాలా మాటల్లో లకారంగా మారిపోవడం వల్ల మనకు అవి దగ్గరగా వినిపిస్తాయి. ముల్లుకూ దీనికీ పోలిక పలుకులోనే.

ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో ఇంకో చిక్కు ఉంది. రెండు ఎల్‌లతో రాస్తే బెంగాల్‌లో బాగా కనిపించే మొల్లా అన్న ఇంటిపేరులాగే ఉంటుంది. ఆ మొల్లా, టర్కీలో పండితులకు వాడే మొల్లా, మన ఊళ్ళలో వినిపించే ముల్లా అన్నీ అరబిక్ మౌలా నుంచి వచ్చిన మాటలు. పువ్వుతో సంబంధం లేదు. ఒక ఎల్ తీసేస్తే మోలా అని చదువుతారు. కాబట్టి రెండు ఎల్‌లు ఉంచడమే మంచిది. తెలుగు రాని వాళ్ళకు ఒకసారి పలికి చూపిస్తే సరిపోతుంది. మోలీ అని ముద్దుగా పిలిస్తే ఇంగ్లీషు మోలీ గుర్తుకొస్తుంది, అది మేరీకి ముద్దుపేరు. పలుకు కలిసింది అంతే.

నక్షత్రం చూసి పేరు పెట్టే ఇళ్ళలో ఈ పేరుకు తావు దొరుకుతుంది. పంచాంగం ప్రకారం పుబ్బ నక్షత్రం నాలుగు పాదాలకు మో, టా, టీ, టూ అన్న అక్షరాలు. ట అక్షరంతో ఆడపిల్లకు పేరు వెతకడం ఎంత కష్టమో పుబ్బలో పిల్ల పుట్టిన ఇళ్ళవాళ్ళకు తెలుసు. ఒకటో పాదం వాళ్ళు మోహన, మోక్షిత, మోనిక దగ్గర ఆగుతుంటారు. సంస్కృతంలో హ్రస్వ ఒకారం లేదు కాబట్టి పంచాంగంలో మో అని దీర్ఘంగానే ఉంటుంది, తెలుగు పేరుకు వచ్చేసరికి మొ కూడా అదే లెక్కలోకి వస్తుంది. మాఘమాసం చలిలో పుట్టిన పాపకైతే నక్షత్రం ఏదైనా ఈ పేరు నప్పుతుంది. పెరట్లో మొల్ల తీగ ఉంటే, పేరు పెట్టే రోజున అది కూడా పూసే ఉంటుంది.